తోడు కుర్చీ

ఇంకా నవ్వుతూనే ఉంది. చూడకూడదని గట్టిగా అనుకున్నాను, లాప్‌టాప్ అంచున అంటిన వేలిముద్రలు చేతిరుమాలుతో తుడుస్తున్నట్టు నటించాను, అయినా గోడ మీది తెర తలుపంత ఉంటుంది, అందులో మా వదిన ముఖం కిటికీ అంత ఉంటుంది, చూపు ఎక్కడికని తిప్పుకోను. ఆరు నెలలుగా నాతో మాటలు లేని మనిషి. వారానికొకసారి ఈ గదిలో నేను "వినిపిస్తోందా మేడమ్" అంటే, "వినిపిస్తోంది" అని గోడకు చెప్పినట్టు చెప్పే మనిషి. ఇవాళ పలువరుస కనిపించేలా నవ్వుతోంది. తప్పు నాదే, నోరు జారాను. అందరూ కూర్చున్నాక, మైకులు వెలిగాక, లైసెన్సు ఆఫీసు నుంచి వచ్చిన ఇద్దరూ పెన్నుల మూతలు తీశాక, వారం వారం అడిగే ప్రశ్నే అడగబోయి "వినిపిస్తోందా వదినా" అనేశాను. గది ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ వెంటనే గొల్లుమంది. ఫోర్‌మన్ అయితే బల్ల చరిచి మరీ నవ్వాడు. "అదేంటండీ, మీరిద్దరూ చుట్టాలా? ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నారే," అన్నాడు. ఒకరి సిఫార్సుతో ఒకరు వచ్చారంటారని మేమిద్దరమే అనుకుని దాచిన సంగతి అది, మాటలున్న రోజుల్లో. నా చెవులు వేడెక్కాయి. తెర మీద వదిన కళ్ళు ముందు పెద్దవయ్యాయి, ఆ తర్వాత ఆ నవ్వు వచ్చింది, వచ్చి అక్కడే తిష్ఠ వేసింది.

నవ్వుకో. నీకేం, నువ్వు కొండ మీద ఉన్నావు. మాది రోప్‌వే కంపెనీ. ఇటు కింద స్టేషన్, దాని పక్కన ఈ ఆఫీసు, అటు కొండ మీద పై స్టేషన్, రెంటి మధ్యా లోయ, లోయ మీద ఉక్కు తాడు, ఆ తాడును కరిచి పట్టుకుని తిరిగే డబ్బాలు. కాగితాల్లో కేబిన్ అని రాస్తాం, నోటితో మాత్రం డబ్బా అనే అంటాం. మరమ్మతులకని రెండు నెలలుగా ఆపేసిన ఆ డబ్బాలు రేపు పొద్దున మళ్ళీ మనుషుల్ని ఎక్కించుకోవాలా వద్దా అన్నది ఇప్పుడీ గదిలో తేలాలి. పైన ఉండి తాడునూ చక్రాలనూ పరీక్షించే ఇంజనీరు వదిన. కింద మీటింగులకు తెరలూ మైకులూ కుర్చీలూ సర్దేదాన్ని నేను. ఆవిడ అక్కడి నుంచి చెప్పాలి, వీళ్ళు ఇక్కడ వినాలి, ఆ మాట ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ పోతోందో లేదో చూసుకోవడం నా పని. మనసులో ఏమున్నా పని పనే. ఆరు నెలలుగా అలాగే నెట్టుకొస్తున్నాను.

మేనేజర్ మాట్లాడుతున్నాడు. ఆయన్ని ఆఫీసంతా చాటుగా తొందరగారు అంటుంది. వాక్యం మొదలుపెట్టేటప్పుడే దాని చివర ఎక్కడుందో వెతుక్కునే రకం. ఇప్పుడు కూడా రెండు నెలల పనిని రెండు గుక్కల్లో చెప్పేస్తున్నాడు, కొత్త చక్రాలు, కొత్త రబ్బర్లు, కొత్త రంగు. లైసెన్సు ఆఫీసు ఆవిడకు జలుబు, రుమాలు ముక్కు దగ్గరే ఉంది, ఆవిడతో వచ్చినాయన గోడలూ సీలింగూ చూస్తున్నాడు, గదికి కొలతలు తీసుకుంటున్నట్టు. కొత్తగా పరిచిన కార్పెట్ జిగురు వాసన ఇంకా పోలేదు. కిటికీ అద్దాలు గాలికి దడదడలాడుతున్నాయి. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది, ఇక్కడే ఇంతుంటే పైన ఎంతుండాలి. ఇందాక కాఫీ మెషీన్ దగ్గర తొందరగారు నన్ను ఆపాడు. "ఇవాళ బయటివాళ్ళు ఉన్నారమ్మా. ఆ లేచి నిలబడే నాటకం పెట్టకు." నాటకం కాదు సార్, రూలు, అన్నాను. "పెద్దాయన రూలు. పెద్దాయన రిటైరై మొక్కలకు నీళ్ళు పోసుకుంటున్నాడు. నీ కాంట్రాక్టు కాగితం మాత్రం నా టేబుల్ మీదే ఉంది." అంటూ కాఫీలో చక్కెర కలుపుకున్నాడు, గిరగిరా, కప్పు బయటికి ఒలికేదాకా.

పెద్దాయన అంటే పాత డైరెక్టరు. ఆయన ఉన్నప్పుడు ఒకసారి ఇదే గదిలో అందరూ గట్టిగా వాదించుకుంటున్నారట, పై స్టేషన్ ఆపరేటరు లైన్లోంచి గాలి పెరిగింది, ఆపండి, ఆపండి అంటూనే ఉన్నాడట, అరుపుల మధ్య ఎవరికీ వినపడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఒక డబ్బా లోయ మధ్యలో పూటంతా ఊగుతూ ఉండిపోయింది. మర్నాడు పెద్దాయన ఈ కుర్చీ వేయించాడు, బల్ల మూల, లాప్‌టాప్ పక్కన, చేతులు లేని కుర్చీ. దూరంగా ఉన్న మనిషికి గదిలో ఒక ఒళ్ళు ఉండాలి అన్నాడు. తెర మీద ఉన్నవాళ్ళకు ఈ కుర్చీలో ఒకరు తోడు కూర్చోవాలి. లైను తెగినా, మాట అందకపోయినా, తోడు లేచి నిలబడాలి. తోడు నిలబడితే మీటింగు ఆగాలి, ఎంత పెద్దవాడైనా నోరు మూయాలి. దూరంగా ఉన్న మనిషి మాట పూర్తయి, ఇంక కూర్చో అని ఆ మనిషి చెప్తే తప్ప తోడు కూర్చోకూడదు. వింటే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కానీ ఆ ఆట ఆడినన్నాళ్ళూ ఇక్కడ ఏ డబ్బా మధ్యలో ఆగలేదు. వదిన ఈ కంపెనీలో చేరినప్పుడు తోడుగా నన్నే అడిగి పెట్టించుకుంది. "నా గొంతు తెలిసినదాన్ని పెట్టుకోక, ఊరివాళ్ళని పెట్టుకుంటానా," అంది. అప్పట్లో నన్ను గడుగ్గాయి అనేది. ఇంటికొస్తే తలుపు తియ్యకముందే, గడుగ్గాయి వచ్చింది, డబ్బాల్లో తినేవి దాచెయ్యండి, అని లోపల్నుంచి అరిచేది. మాటలు పోయాక కూడా తోడును మార్చమని ఆవిడ అడగలేదు. నేనూ అడగలేదు. ఎవరు ముందు అడుగుతారో చూద్దామని ఇద్దరం కూర్చున్నాం, అంతే. నా వరకు అంతే.

ఆ నవ్వేంటి అసలు. మేనేజరు బేరింగుల గురించి చెప్తుంటే నవ్వడానికేముంది. నన్ను చూసే నవ్వుతోంది, ఖాయం. చివరికి నువ్వే దిగివచ్చావు చూశావా అని. నేను దిగిరాలేదు, నోరు జారింది, రెండూ ఒకటి కాదు. అమ్మ వల్ల జారింది. పొద్దున్నే ఫోన్ చేసి చెవిలో వదిన వదిన అని నూరిపోస్తే జారక ఏంచేస్తుంది. అమ్మ ఇప్పుడు అన్నయ్య వాళ్ళింట్లో ఉంటోంది. "రేపు మొదటి డబ్బాలో నేనూ ఎక్కుతున్నానే. పోయిన వారమే మీ వదిన పేరు రాయించింది. కిటికీ పక్క సీటు నాకేనంది. కొత్త కళ్ళతో లోయ చూడొద్దూ?" మరమ్మతుల తర్వాత మొదటి డబ్బాలో ఎక్కేది ఉద్యోగుల ఇళ్ళవాళ్ళే. అదీ పెద్దాయన పెట్టిందే, మనవాళ్ళని ఎక్కించలేని డబ్బాలో ఊరివాళ్ళని ఎలా ఎక్కిస్తారని. ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను. అమ్మే అంది, "మీ ఇద్దరి మధ్యా నేను పాత రేడియోనయ్యాను తల్లీ. ఇటు తిప్పితే నీ గోల, అటు తిప్పితే దాని అలక. బ్యాటరీ అయిపోయేలోపు ఏదో ఒక స్టేషన్ పట్టుకోండి." నవ్వొచ్చింది, నవ్వలేదు. నవ్వితే ఓడిపోయినట్టు.

కొత్త కళ్ళు. ఆ కళ్ళ ఆపరేషన్ దగ్గరే వచ్చింది అంతా. అంతకుముందు అమ్మ నా దగ్గరే ఉండేది. ఆపరేషన్ తర్వాత ఎక్కడ ఉండాలో మాట్లాడుకోవడానికి అన్నయ్య ఇంట్లో అందరూ కూర్చున్నారు. నాకు జ్వరం, మంచం దిగలేను. ఫోన్లో కలుస్తానన్నాను. వదిన ఫోన్‌ను భోజనాల బల్ల మీద నీళ్ళ జగ్గుకు ఆనించి పెట్టింది. అందరూ కనిపించారు కొంతసేపు, అన్నయ్య, అమ్మ, పిన్ని, వదిన మోచెయ్యి. ఆ తర్వాత ఎవరో నీళ్ళు వంపుకోవడానికి జగ్గు ఎత్తారు. ఫోన్ బోర్లా పడింది. నాకు చీకటి. బల్లగుడ్డ లోపల్నుంచి వచ్చినట్టు గొంతులు. అన్నయ్యా, ఫోన్ పడిపోయింది, అన్నాను. అమ్మా, అన్నాను. అరిచాను కూడా, జ్వరంలో ఎంత అరవగలిగితే అంత. మా ఇంట్లో మెట్లెక్కాలి నిజమే, నేను రోజంతా ఆఫీసులో ఉంటాను నిజమే, కానీ చుక్కల మందు వేళకు వేస్తాను, సెలవు పెడతాను, అమ్మ దిండు వాసన లేకపోతే నాకు నిద్ర పట్టదు, ఇవన్నీ ఆ చీకటికి చెప్పాను. చివరికి వదిన గొంతు ఒక్కటే స్పష్టంగా వినిపించింది. "అయితే అత్తయ్య ఇక్కడే ఉంటారు. తనకీ సరేనట్టేగా, ఏమీ అనలేదుగా." ఏమీ అనలేదుగా. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుకుంటుంది. మర్నాడు అన్నయ్య వచ్చి అమ్మ మంచం విప్పి తీసుకెళ్ళాడు. ఫోన్ బోర్లా పడిందని తర్వాత వాళ్ళకు తెలిసిందో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు. తెలుసుకోవలసింది వాళ్ళు.

"ఖాళీ డబ్బాలు నిన్న పొద్దంతా తిప్పి చూశామండి," అంటున్నాడు ఫోర్‌మన్. "ఎక్కడా చప్పుడు కూడా రాలేదు. నా వైపు నుంచి సరే."

"ఖాళీగా కదా. మరి బరువుతో?" జలుబు ఆవిడ అడిగింది, రుమాలు తీసి.

"బరువుతో మేడమే చూస్తున్నారండి, పైన. ఇసుక బస్తాలు ఎక్కించి."

ఆవిడ తెర వైపు తిరిగింది. నేనూ తిరిగాను. వదిన నవ్వుతోంది. జలుబు ఆవిడ ఆ నవ్వును ఒక క్షణం చూసి, తృప్తిగా తల పంకించి, ముందున్న కాగితం మీద ఏదో టిక్కు పెట్టింది. ఆ ప్రశ్నకు నవ్వుతుందా. బరువుతో సంగతేంటి అని అడిగితే మా వదిన నవ్వదు. కూర ఎలా ఉంది అని అడిగితేనే కళ్ళద్దాలు సవరించుకుని ఆలోచించి చెప్పే మనిషి. పెళ్ళిచూపుల్లో అన్నయ్య మీకు నేను నచ్చానా అనడిగితే, ఇంకా పూర్తిగా చూడలేదు, అందట. ఇందాక మీటింగు మొదలవకముందు నా లాప్‌టాప్‌కు సందేశం పంపింది, ఆరు నెలల్లో మొదటిసారి అడుగుతున్న పని, అదీ మీరు అంటూ, మేడమ్ గారి ధోరణిలో. "నన్ను మొదట మాట్లాడనివ్వమని చెప్పండి." చెప్పాను. గదిలో నవ్వులు సద్దుమణిగాక తొందరగారు తెర వైపు చూసి, "మేడమ్, మీరు చివర్లో, ముందు పరిచయాలు కానివ్వండి," అన్నాడు. అప్పుడూ నవ్వుతూనే ఉంది. మొదట మాట్లాడాలన్న మనిషిని చివరికి నెట్టేస్తే నవ్వుతుందా.

లైను మీద అనుమానం వచ్చి, దొంగచూపులు చూస్తూ, సందేశం కొట్టాను. వదినా, ఉన్నావా. జవాబు లేదు. ఉండదు. నేను ఎన్నిసార్లు ఇవ్వలేదు, పోయిన నెల వాళ్ళ పాపకు జ్వరమని పంపితే చూసి మూసేశాను. లైను గుర్తు చూశాను, పచ్చగానే ఉంది. ఆ పచ్చరంగు మాట నమ్మడానికి లేదు, పైన గాలి వేసినప్పుడల్లా అది ఇలాగే పచ్చగా వెలుగుతూ మోసం చేస్తుంది. ఫోన్ చేద్దామంటే అందరి ఫోన్లూ తలుపు బయట బుట్టలో ఉన్నాయి, బయటివాళ్ళ ముందు మోగకూడదని తొందరగారే పెట్టించాడు. గది అవతలి మూల పై స్టేషన్‌కు నేరుగా పోయే పాత వైరు ఫోన్ ఉంది, దాని మీద అతిథులకిచ్చిన పూలగుత్తి పెట్టారు. అక్కడికి వెళ్ళాలంటే లేవాలి. ఈ కుర్చీలోంచి లేవడమంటే ఏమిటో ఈ గదిలో అందరికీ తెలుసు, ఇద్దరికి తప్ప.

ఆగు. నిదానంగా ఆలోచించు. వినిపిస్తోందా వదినా అన్నాను. అప్పుడు ఏమైంది. గది నవ్వింది. ఫోర్‌మన్ బల్ల చరిచాడు. చుట్టాలా అన్నాడు. నేను తల దించుకున్నాను. సిగ్గుతో లాప్‌టాప్ తుడిచాను. మరి జవాబు? వినిపిస్తోంది అన్న ఆ ఒక్క మాట, వారం వారం వచ్చే ఆ చప్పిడి మాట, అది వచ్చిందా? గుర్తు చేసుకో. నవ్వుల్లో కలిసిపోయి ఉంటుంది. ఉంటుంది కాదు, వచ్చిందా లేదా. ఆరు నెలలుగా ఆ మాట కోసమే, ఛీ, ఆ మాట కోసం ఎదురుచూస్తానని కాదు, కానీ ఆ మాటలో ఆవిడ గొంతు ఎలా ఉందో వింటాను, పడిశం పట్టిందా, నిద్ర లేదా, అన్నయ్యతో పోట్లాడిందా, ఒక్క మాటలోనే అన్నీ తెలుస్తాయి. ఇవాళ ఎలా ఉంది? తెలియదు. ఎందుకు తెలియదు? వినలేదు కాబట్టి. వచ్చి ఉంటే వినేదాన్ని. చెవులు పగిలే చప్పుళ్ళ మధ్య అయినా వినేదాన్ని.

రాలేదు.

ఇప్పుడు తెర వైపు సూటిగా చూశాను, ఇన్నాళ్ళకు మొదటిసారి, ముఖాన్ని చూసినట్టు కాదు, తాళం వేశానో లేదో చూసుకున్నట్టు. కళ్ళద్దాలు. ఎడమ కనుబొమ్మ కాస్త పైకి. ఆ కనుబొమ్మ ఎప్పుడు లేస్తుందో నాకు తెలుసు, గడుగ్గాయి అనబోయే ముందు. నోరు తెరుచుకునే ఉంది, మాట బయటపడలేదు. ఆవిడ వెనక గోడ మీద క్యాలెండరు. పై స్టేషన్లో ఆ క్యాలెండరు ఒక్క క్షణం ఊరుకోదు, కిటికీ సందులోంచి వచ్చే గాలికి మీటింగు పొడవునా పటపటా కొట్టుకుంటూనే ఉంటుంది, ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ మేకు కొట్టరు. ఇప్పుడు దాని కాగితం సగం దాకా లేచి, గాలిలో అలాగే నిలబడి ఉంది. ఇక్కడ కిటికీలు దడదడలాడుతున్నాయి. అక్కడ కాగితం దిగట్లేదు.

అంటే ఆ నవ్వు ఇప్పటిది కాదు. నేను వదినా అన్న క్షణానిది. ఆ ఒక్క క్షణం దగ్గర బొమ్మ ఆగిపోయింది. ఇంతసేపూ వెక్కిరింపు అనుకుని ముఖం తిప్పుకున్నది నాకోసం నవ్విన నవ్వు. ఆ తర్వాత పైన ఏం జరిగిందో, వదిన ఏం చెప్తోందో, చెప్తోందో లేదో, ఈ గదిలో ఒక్కరికీ తెలియదు. ఫోన్ బోర్లా పడింది. నేను జగ్గు పక్కన కూర్చున్నాను.

"సరే, ఇంక తేల్చేద్దాం," తొందరగారు లేచి కోటు సర్దుకున్నాడు. "ఫోర్‌మన్‌ది సరే. నాది సరే. ఇంజనీరు గారు..." తెర వైపు తిరిగి, అతిథుల కోసమని ఇంత నవ్వు పులుముకున్నాడు. "నవ్వుతూనే ఉన్నారు, చూశారుగా. ఏమైనా ఉంటే ఈపాటికి అనేవారు. ఏమీ అనలేదుగా."

ఏమీ అనలేదుగా. జలుబు ఆవిడ కాగితం తన వైపు లాక్కుంది. ఆవిడ పెన్ను కాగితానికి ఇంకా బెత్తెడు దూరంలో ఉంది. ఇప్పుడు నేను లేస్తే నా కాంట్రాక్టు చింపేస్తాడు, వచ్చే నెల అద్దె ఎలాగో తెలియదు. పైన నిజంగా ఏమీ లేకపోతే? వదిన చెప్పాలనుకున్నది క్యాలెండరు మేకు సంగతే అయితే? బయటివాళ్ళ ముందు పరువు తీశానంటారు, చుట్టరికం పెట్టుకుని నాటకమాడిందంటారు. కూర్చుంటే ఏమవుతుంది. ఏమీ కాకపోవచ్చు. రేపు పొద్దున అమ్మ కిటికీ పక్కన కూర్చుని కొత్త కళ్ళతో లోయ చూస్తుంది. ఏమీ కాకపోవచ్చు. వదినకు మాత్రం తెలుస్తుంది, చీకట్లో ఒంటరిగా మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో. ఆ ఆలోచన వచ్చింది. నిజంగానే వచ్చింది, వెచ్చగా, నాలుక మీద తీపిలా. ఆరు నెలలుగా ఆ తీపి కోసమే ఉన్నానేమో. అది గొంతు దిగకముందే అమ్మ కిటికీ పక్కన కనిపించింది, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

కుర్చీ కాళ్ళు కొత్త కార్పెట్ మీద చప్పుడు చెయ్యలేదు. అందుకని నేను లేచిన సంగతి ముందు ఎవరూ చూడలేదు. ఫోర్‌మన్ చూశాడు. చూసి, పక్కాయనతో అంటున్న మాట మధ్యలో ఆపేశాడు. పాతవాడు కదా.

"కూర్చోమ్మా," అన్నాడు తొందరగారు, పళ్ళ మధ్య నుంచి.

"మేడమ్ లైన్లో లేరు సార్."

"కనిపిస్తున్నారుగా."

"అది బొమ్మ. ఆగిపోయింది. ఆ క్యాలెండరు చూడండి, కాగితం గాలిలో నిలబడింది." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఆ నవ్వు మీ ప్రశ్నలకు కాదు. నేను వదినా అన్నానని నవ్వింది. అప్పటినుంచీ ఆవిడ ఒక్క మాట మనకు అందలేదు."

అందరూ క్యాలెండరు వైపు చూశారు. దాని వైపు చూడటం అంత తేలికని ఇప్పుడే తెలిసినట్టు చూశారు. జలుబు ఆవిడ పెన్ను మూత పెట్టలేదు గానీ చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఈవిడ ఎందుకు నిలబడ్డారు?" అని ఫోర్‌మన్‌ని అడిగింది. "తోడు నిలబడితే మీటింగు ఆగాలండి," అన్నాడు ఫోర్‌మన్, మేనేజరు వైపు చూడకుండా. నేను అప్పటికే మూలకు చేరాను. పూలగుత్తి తీసి కింద పెట్టాను, నీళ్ళు కారి చెయ్యంతా తడి. రిసీవరు ఎత్తగానే అటు మోగుతుంది. మోగింది. మోగుతూనే ఉంది. ఇంత గాలిలో బయటికి వెళ్ళిందేమో. తాడు దగ్గరికి వెళ్ళిందేమో. ఎత్తు, ఎత్తు వదినా, తిట్టడానికైనా ఎత్తు.

"హలో," అంది వదిన. బొంగురు గొంతు. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, నేను గుర్తుపట్టగలను, నాదీ అలాగే అయింది ఒకరోజు.

"నేను వదినా. లైను పోయింది. నీ మాట ఏదీ ఇక్కడికి రాలేదు. మొదటినుంచి చెప్పు, నేను పైకి చెప్తాను." గది వైపు తిరిగాను. ఆ ఫోనుకు స్పీకరు లేదు, నేనే స్పీకరు. ఆవిడ ఒక ముక్క చెప్పడం, నేను అదే ముక్క గదికి వినిపించడం. "ఎనిమిదో డబ్బా. పొద్దున ఇసుక బస్తాలతో నడిపాను. ఎక్కే దారిలో పట్టు జారింది. ఒక్కసారి కాదు, రెండుసార్లు. తాడు మీద మూరెడు పొడుగున కొత్త మెరుపు గీత ఉంది. ఖాళీగా ఉంటే జారదు, మనుషులు ఎక్కితే జారుతుంది. మిగతా వాటివి కూడా విప్పి చూడాలి. రేపు ఎవర్నీ ఎక్కించొద్దు."

"పట్టు అంటే?" అంది జలుబు ఆవిడ.

"డబ్బాను తాడుకు కరిపించే దవడండి," అన్నాడు ఫోర్‌మన్. ఆయన ముఖం పాలిపోయింది. "అది జారితే డబ్బా వెనక్కి వస్తుంది. వెనకొచ్చే డబ్బా మీదికి."

నేను మాత్రం ఆపలేదు, ఆవిడ చెప్తూనే ఉంది, నేను అంటూనే ఉన్నాను, నోరు దానంతటదే నడుస్తోంది. "మొదటి డబ్బా జాబితాలోంచి అత్తయ్య పేరు కొట్టెయ్యి, గడుగ్గా..." దగ్గర ఆగాను. ఎవరూ నవ్వలేదు. జలుబు ఆవిడ కాగితాన్ని సగానికి మడిచి సంచిలో పెట్టుకుంది. "రేపు తిప్పడం లేదు. ఆ గీత ఫోటోలు నాకు కావాలి," అంది. తొందరగారు కూర్చున్నాడు. ఆయన నా వైపు చూసిన చూపులో నా కాంట్రాక్టు ఏమవుతుందో ఉంది, అది తర్వాత చూసుకోవచ్చు.

"చెప్పేశాను, వాళ్ళు విన్నారు వదినా," అన్నాను రిసీవర్లోకి, గోడ వైపు తిరిగి, ఆవిడ ఒక్కదానికే వినపడేలా. అటు నుంచి గాలి చప్పుడు వచ్చింది, క్యాలెండరు పటపటా కొట్టుకుంటున్న చప్పుడు.

"నాకిక్కడ మీరందరూ కనిపిస్తూనే ఉన్నారు," అంది. "నేను మొత్తం చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఒక్కరూ కదల్లేదు. మీకందరికీ కోపం వచ్చిందనుకున్నాను. నువ్వైతే తల దించుకునే ఉన్నావు, ఇక్కడి తెర మీద ఇప్పటికీ అలాగే ఉన్నావు. ఎంత పిలిచినా ఎత్తలేదు. ఇది వదినా అంది కదా, మళ్ళీ ఏమైంది దీనికి, అనుకున్నాను."

"నువ్వు నవ్వుతూనే ఉన్నావు ఇక్కడ."

"నవ్వుతున్నానా," అంది. "ఆ రోజు జగ్గు ఎత్తింది నేనే. ఫోన్ బోర్లా పడి ఉందని అందరూ వెళ్ళాక చూశాను. అప్పటికి నువ్వు పెట్టేశావు. మర్నాడు చెప్దామనుకున్నాను. నువ్వు మేడమ్ అన్నావు."

వెనక కుర్చీలు జరుగుతున్నాయి, ఎవరో తలుపు తీశారు, బుట్టలో ఫోన్లు ఒక్కసారిగా మోగుతున్నాయి. "వినిపిస్తోందా," అంది వదిన. వినిపిస్తోంది, అన్నాను. ఇంక కూర్చో అని ఆవిడ ఇంకా అనలేదు, అందుకని నిలబడే ఉన్నాను. తెర మీద ఇంకా నవ్వుతూనే ఉంది. చెవిలో ఏడుస్తోంది.